ముందు లైటు ఆయనది, వెనక లైటు నాది

ఆదివారం వస్తే మా ఊరి నడివీధి మొత్తం గోనెపట్టాల మీదికి దిగుతుంది. సండే మార్కెట్ అంటారు. చొక్కాలు, చెప్పులు, ఎవరో వాడి వదిలేసిన మిక్సీలు, ఎవరి పెళ్ళికో వచ్చిన గోడగడియారాలు అన్నీ ఎండలో వరసగా పడుకొని ఉంటాయి. పోయిన ఆదివారం నేను వెళ్ళింది మిక్సీ మూత కోసం. ఉన్న మూత పగిలి చాలాకాలమైంది. పళ్ళెం బోర్లించి, దానిమీద అరచెయ్యి అదిమి నడిపిస్తున్నాను. పనిలో పనిగా మా ఇంటాయన నోటికి కూడా ఒక మూత దొరుకుతుందేమోనని చూస్తూ పోతుంటే, పాత ఇనుము పరుచుకున్న ఒక తాత పట్టా మీద సైకిల్ లైటు కనిపించింది.

గుండ్రటి లైటు. అద్దం పైసగానికి నల్ల పెయింటు. పక్కనే, దాని వైరుకు వేలాడుతూ, టైరుకి రాసుకొని కరెంటు పుట్టించే డైనమో. నల్ల పెయింటు తిన్నగా లేదు. ఎడమవైపు కాస్త కిందికి జారింది, నిద్ర ఆగని కంటిరెప్పలాగా. ఆ జారుడు నాకు తెలుసు. ఆ లైటు గల మనిషి పెయింటు వేస్తున్నప్పుడు డబ్బా పట్టుకొని నిలబడి, "ఒంటికంటికి కాటుక పెడుతున్నావే మామా" అని నవ్వించి ఆయన చెయ్యి వణికేలా చేసింది నేనే.

ఇది వెలుగుతుందా తాతా అని అడిగాను. తొక్కితే వెలుగుతుంది, తొక్కకపోతే నువ్వూ వెలగవు అన్నాడు తాత, అరవంలో. మిక్సీ మూత మాట మరిచిపోయి ఆ లైటు పట్టుకొని ఇంటికి వచ్చాను.

ఆ లైటు ఎవరిదో, ఆయన పేరు ఇక్కడ రాయను. ఈ ఊళ్ళో పేరు ముందు ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలు తగిలిస్తేగాని మనిషి పూర్తి కాడు. ఆయనకీ ఉన్నాయి. అవీ రాయను. పేరు రాస్తే ఆయనకి మర్యాద చేసినట్టుంటుంది. రాయకపోతే నాకు నేను చేసుకున్నట్టుంటుంది. ముదలియార్‌పేటలో మా వీధి వీధంతా ఆయన్ని డైనమో మామ అనేది. నేను వట్టి మామా అనేదాన్ని.

నేను గూడూరు పక్క పుట్టినదాన్ని. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బయట నిలబెడితే, నిలబడి నిలబడి, అట్నుంచి అటే ఇంటికి పోయాను. లోపలికి రమ్మని ఆయన మళ్ళీ పిలవలేదు, నేనూ అడగలేదు. పెళ్ళయి ఈ అరవ ఊరొచ్చాక చూస్తే మా వీధిలో చాలా ఇళ్ళు తెలుగిళ్ళే, కానీ తెలుగు అక్షరం గుర్తుపట్టేవాళ్ళు లేరు. ఏడో తరగతి చాలించుకున్నదాన్ని ఆ వీధికి పండితురాలినయ్యాను. మామ వాళ్ళ పెద్దలు ఏ కాలంలోనో ఇక్కడికి వచ్చి బట్టల వ్యాపారం చేశారట. బట్టలు పోయాయి, వ్యాపారం పోయింది, తెలుగు మిగిలింది. అదీ అరవంలో బాగా నానింది.

ఆయన శొంఠి కాఫీ అమ్మేవాడు. శొంఠి, ధనియాలు, తాటిబెల్లం వేసి కాచి, పెద్ద స్టీలు డబ్బాలో పోసి, సైకిల్ క్యారియర్‌కి కట్టుకొని తెల్లారకముందే బీచ్ రోడ్డుకి పోయేవాడు. హ్యాండిల్‌కి తాడు కట్టి స్టీలు గ్లాసులు వేలాడదీసేవాడు. నేను అమ్మేది గరిక రసం, అరటిదూట రసం. గొడ్లు ఊరికే తినేదాన్ని గ్లాసులో పోసి మనుషులకి అమ్మడం నా వ్యాపారం. రాత్రి బిర్యానీ తిన్నవాళ్ళు పొద్దున నడవడానికి వస్తారు. నడిచి నడిచి పాపభయంతో నా దగ్గర గరిక రసం తాగుతారు. అది నోట్లోంచి పోయేందుకు మామ దగ్గర కాఫీ తాగుతారు. అట్లా మా రెండు వ్యాపారాలు ఒకదాన్నొకటి పోషించుకొనేవి.

మొదటిసారి ఆయన్ని కలవడం అంటే, గుద్దడం. కొత్తలో నా సైకిల్‌కి లైటు లేదు. కడలూరు రోడ్డు మీద రైల్వే గేటు దాటాక వీధిదీపాలు వాటి ఇష్టం వచ్చినప్పుడు వెలిగేవి. ఆ చీకట్లో ముందు ఏదో నల్లగా ఉందనుకొనేలోపల పోయి ఆయన వెనక చక్రానికి తగిలాను. గ్లాసులు గలగలమన్నాయి. ఆయన దిగి ముందు డబ్బా తడిమాడు, తరవాత లైటు తడిమాడు, ఆఖర్న నన్ను చూశాడు.

"యాడిదమ్మే నువ్వు? లైటు లేదా?"

"కళ్ళున్నాయి మామా."

"కండ్లు నీకుండాయి. నువ్వుండావని ఎదురొచ్చేవాడికి ఎట్ట తెలిసేది? లైటు మనం చూసేదానికి కాదమ్మే. మనల్ని చూసేదానికి."

"అయితే నీ వెనకాల ఏదీ? ఉండుంటే నేను గుద్దేదాన్నా?"

ఆయన వంగి తన వెనక చక్రం చూసుకున్నాడు. ఇన్నేళ్ళు ముందు నుంచి వచ్చేవాళ్ళ గురించే ఆలోచించాడుగాని వెనక నుంచి వచ్చే నాలాంటివాళ్ళ గురించి ఆలోచించలేదు. మర్నాడు పొద్దున మా గుమ్మం ముందు ఆగి, వెలుతురు దాటే పల్చటి ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చి ఒకటి నా క్యారియర్‌కి కట్టాడు. ముందు లైటు నాది, ఎనక లైటు నీది, నువ్వు నా ఎనకాల్నే రా, రెండు సైకిళ్ళు కలిపితే ఒక బండి అన్నాడు. అప్పటినుంచి అదే మా పద్ధతి. ఆయన వెలుతురులో నేను గుంతలు తప్పించుకొనేదాన్ని. నా ఎరుపులో ఆయన వీపు క్షేమంగా ఉండేది.

ఆయన డైనమోకి ఒక జబ్బు ఉండేది. దాన్ని టైరు నుంచి పక్కకి లాగి నిలిపే కొక్కెం అరిగిపోయింది. లాగి పెట్టినా, సైకిల్ కాస్త కుదుపుకి గురైతే చాలు, టప్పున మళ్ళీ టైరు మీద పడి గుర్రుమనేది. అందుకని పట్టపగలు కూడా ఆయన లైటు వేసుకొనే తిరిగేవాడు. వీధిలో పిల్లలు సూర్యుడికి దారి చూపిస్తున్నావా తాతా అని వెంటపడేవాళ్ళు. కొక్కెం మార్పించుకోవచ్చు కదా మామా అంటే, ఎప్పటికీ ఆఫ్ చేసే పనే లేనిదానికి కొక్కెం ఎందుకు అనేవాడు.

మా ఇంట్లో అలారం అక్కర్లేదు. వీధి మలుపులో ఆ గుర్రుమనే చప్పుడు, దానికి తాళం వేసినట్టు గ్లాసుల గలగల వినిపిస్తే నేను డబ్బా ఎత్తుకొనేదాన్ని. వాళ్ళింటి ముందు ముగ్గు వేస్తూ అత్త, అంటే ఆయన భార్య, వంచిన తల ఎత్తకుండా "చూసి పోండి" అనేది. రోజూ అదే మాట, అదే గొంతు. ఎవరిని చూసి పొమ్మంటుంది మామా అని నేను అడిగేదాన్ని. నిన్నే, నీ నోరు చూస్తే నాకే భయం అనేవాడు.

డైనమో లైటుకి మనిషి గుట్టు దాగదు. తొక్కుడు నెమ్మదిస్తే మసక, జోరెక్కితే వెలుగు. వెనక నుంచి చూస్తూ ఆయన ముఖం కనిపించకపోయినా నాకు అన్నీ తెలిసేవి. రాత్రి అత్తతో పోట్లాట అయి ఉంటే ఆ పొద్దున రోడ్డంతా పున్నమి. కూతురి ఇంటి సంగతి ఏదో మనసులో ఉంటే లైటు ఎర్రగా, కునికిపాట్లు పడుతూ ఉండేది. ఆయన మాటలు కూడా లైటుతోబాటే. ఎత్తు ఎక్కేటప్పుడు రెండూ తగ్గేవి, దిగేటప్పుడు రెండూ ఆగేవి కాదు.

రైల్వే గేటు పడితే చూడాలి ఆయన్ని. ఆగితే డైనమో లైటు ఆరిపోతుంది కదా. అందరూ కాలు నేల మీద పెట్టి నిలబడితే, మామ సైకిల్‌కి స్టాండు వేసి, పక్కన కూర్చొని, చేత్తో పెడలు తిప్పుతూ ఉండేవాడు. రైలు పోయేదాకా తిప్పేవాడు. గేటు దగ్గరి జనం నవ్వేవాళ్ళు. ఎందుకు మామా ఈ గానుగ అంటే, "నిల్చున్నా ఉండామని తెలియల్ల కదమ్మే" అనేవాడు.

ఇంకొక పద్ధతి. ఎదురుగా సైకిల్ మీదో నడిచో ఎవరైనా వస్తే, దగ్గరయ్యేటప్పటికి ఎడమచేత్తో లైటు మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. పైసగం నల్ల పెయింటు చాలదన్నట్టు, ఎదుటోడి కంట్లో మన లైటు పడగూడదు అనేవాడు. దాటిపోయాక చెయ్యి తీసేవాడు. వెనక ఉన్న నాకు ఆ క్షణం రోడ్డు మాయమై, మళ్ళీ వచ్చేది. చూసీ చూసీ నాకూ అది అంటుకుంది. నా సైకిల్‌కి ముందు లైటే లేకపోయినా, ఎవరైనా ఎదురొస్తే నా ఎడమచెయ్యి ఖాళీ హ్యాండిల్ మీద లేచేది.

బీచ్ రోడ్డులో మా చోటు పాత లైట్‌హౌసుకి ఎదురుగా. ఆ లైట్‌హౌసు వెలగడం మానేసి ఏ కాలమో అయింది. మామ రోజూ దానికి దండం పెట్టి, "ఏమన్నా, నిద్దరేనా" అని పలకరించేవాడు. రిటైరైనవాళ్ళని పలకరించాలమ్మే, లేకుంటే బాధపడతారు అనేవాడు. ఆ మాట నిజం కూడా. పొద్దున నడిచేవాళ్ళలో సగం మంది రిటైరైన ఆఫీసర్లే. వాళ్ళని పేరుపేరునా పలకరించి, వాళ్ళ మోకాళ్ళ సంగతి, కోడళ్ళ సంగతి విని, అప్పుడు కాఫీ పోసేవాడు. ఆయన ఎడమన నేను. ఆయన వేడి, నేను పచ్చి. ఆ చోటు నాకేమిటో చెప్పాలి. మా ఇంటాయన పని ఒర్లియంపేటలో ఒక చిన్న అచ్చాఫీసులో. అది నడిచే రోజులకన్నా కునికే రోజులెక్కువ. మా ఇంట్లో పొయ్యి వెలిగేదీ, మా ఆడపిల్లలిద్దరూ బడికి పోయేదీ ఆ లైట్‌హౌసు ఎదురుగా నేను నిలబడే జానెడు నేల వల్లనే. అది మామకి తెలిసినట్టు మా ఇంటాయనకి కూడా తెలియదు.

ఆయుధపూజ నాడు సైకిల్ కడిగి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, లైటుకి పసుపు, కుంకుమ పెట్టేవాడు. ఆ కుంకుమ చేత్తోనే వచ్చి నా ఎర్ర టార్చికి కూడా బొట్టు పెట్టేవాడు. ఇద్దరిదీ ఒక బండి కదమ్మే అనేవాడు.

ఇప్పుడు ఆ పొద్దు సంగతి.

బీచ్ రోడ్డులో నిలబడి అమ్మేవాళ్ళ గురించి చాలా రోజులుగా ఒక మాట తిరుగుతుండేది. అందరినీ తీసేస్తారని కొందరు, లేదు కొందరికి చోటిచ్చి మిగిలినవాళ్ళని తీసేస్తారని కొందరు. ఒక సాయంత్రం మామ మా గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. రేపు పొద్దున పోలీసులు వస్తాండారంట, సైకిళ్ళు, డబ్బాలు ఎత్తుకొని పోతారంట, నువ్వు రావద్దు, నేనూ పోను అన్నాడు. ఎవరు చెప్పారు మామా అంటే, మన కాఫీ తాగే ఒక సారు చెప్పినాడులే అన్నాడు. పిల్లలు బాగుండారా అని అడిగాడు. పోయాడు. నేను దూటలు తరగడం ఆపేసి, సంతోషంగా, రేపు తెల్లారేదాకా నిద్రపోవచ్చని పడుకున్నాను.

అలవాటుపడ్డ ఒంటికి సెలవు తెలియదు. ఆ వేళకే మెలకువ వచ్చింది. గుమ్మంలో కూర్చొని కాళ్ళు చాపుకున్నాను. వీధి చీకటిగా ఉంది. అప్పుడు మలుపులోంచి ఒక సైకిల్ వచ్చింది. లైటు లేదు. డైనమో గుర్రు లేదు. గ్లాసుల గలగల లేదు. వెనకాల ఇంకొక సైకిల్, దానికీ లైటు లేదు. రెండూ పిల్లుల్లాగా మా గుమ్మం దాటాయి. ఎవరో అనుకొనేదాన్నే. కానీ వాటి వెనకాలే వాసన వచ్చింది. శొంఠి, తాటిబెల్లం. వెలుతురు ఆపుకోవచ్చు, చప్పుడు ఆపుకోవచ్చు. కాచిన శొంఠి వాసన ఎవడి చేతిలోనూ ఉండదు.

నాకు ఏమనిపించిందో చెబితే నవ్వుతారు. అయ్యో పాపం, బేరం పోతుందని ఉండలేక బయలుదేరాడు, పోలీసులు పట్టుకుంటే ఈ వయసులో ఏమవుతాడో అనిపించింది. ఉన్నపళాన సైకిల్ తీసి ఆయన్ని ఆపడానికి వెనకాలే తొక్కాను. ఆయన లైటు లేకుండా ఆ రోడ్డులో నేను పోవడం అదే మొదటిసారి. రైల్వే గేటు దాటాక గుంతలో పడి మోకాలు చెక్కుకుపోయింది. లేచి మళ్ళీ తొక్కాను.

బీచ్ రోడ్డులో పోలీసులు లేరు. ఒక ఆఫీసరు, ఆయన వెంట ఇద్దరు మనుషులు ఉన్నారు. ఎవరు ఎక్కడ నిలబడి అమ్ముతున్నారో నడుస్తూ చూసి రాసుకుంటున్నారు. ఆ పొద్దు ఎక్కడ ఎవరు నిలబడి ఉంటే ఆ చోటు వాళ్ళది. లైట్‌హౌసు ఎదురుగా మామ. ఆయన ఎడమన, నా జానెడు నేల మీద, ఆయన కూతురి మొగుడు. ఫ్యాక్టరీ పని పోయి కొన్నాళ్ళుగా అత్తగారింట్లోనే ఉంటున్నాడు. ముందర మునగాకు సూపు డబ్బా.

ఆఫీసరు అడుగుతుంటే మామ అరవంలో చెబుతున్నాడు, మా అల్లుడు సార్, ఎప్పుడూ ఇక్కడే నిలబడతాడు అని. అప్పుడు నన్ను చూశాడు. ఆఫీసరూ చూశాడు, మోకాలి మీద నెత్తురుతో సైకిల్ పట్టుకొని నిలబడ్డ ఆడమనిషిని. ఈమె ఎవరు అన్నాడు.

మామ ఒక గ్లాసు తీసి, అందులో కాఫీ పోసి, నా చేతికిచ్చాడు.

"మా వీధి పిల్ల సార్. కాఫీ తాగేదానికి వచ్చింది."

నా నోరు మీకు తెలుసు. లెక్కల మాస్టారు దాన్ని భరించలేకే బయట నిలబెట్టాడు. ఆ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఆఫీసరు చూస్తున్నాడు, అల్లుడు నేల చూస్తున్నాడు, మామ నా గ్లాసు చూస్తున్నాడు. నేను కాఫీ తాగాను. పూర్తిగా, అడుగున ఉన్న శొంఠి పొడితో సహా తాగి, గ్లాసు తిరిగి ఇచ్చాను.

ఆ తరవాత నేను నెల్లితోపులో ఒక మైదానం దగ్గర నిలబడడం మొదలుపెట్టాను. అక్కడ నడిచేవాళ్ళు తక్కువ, పాపభయం ఇంకా తక్కువ. పెద్దపిల్ల చదువు మధ్యలో ఆపి బట్టల కొట్లో చేరింది. ఏడో తరగతికన్నా ఎక్కువే చదివింది లెండి.

మోసపోయినవాళ్ళ మనసు విచిత్రమైనది. అది నా వైపు ఉండాలి కదా. ఉండదు. నా లోపల ఒక వకీలు కూర్చొని, ఫీజు లేకుండా మామ తరఫున వాదించేవాడు. ముందురోజు సాయంత్రం ఆయన విన్నది నిజంగా పోలీసుల మాటేనేమో. తెల్లవారుజామున ఎవరో వచ్చి సంగతి వేరే అని చెబితే హడావిడిగా బయలుదేరాడేమో. నన్ను లేపే టైము లేదేమో. ఆఫీసరు గబుక్కున అడిగితే నోట్లో ఆ మాట వచ్చేసిందేమో. అన్నిటికీ జవాబు ఉంది. ఒక్కదానికే లేదు. లైటు. ఆ డైనమో దానంతటది టైరు మీద పడేదేగాని దానంతటది ఊరుకొనేది కాదు. అయితే అది ఆ పొద్దే చెడిపోయి ఉండాలి, లేదా నా గుమ్మం దాటడానికని ఆయనే కట్టేసి ఉండాలి. చెడిపోయి ఉంటే, ఆయన ఆ పొద్దున తడబడ్డ మనిషి. కట్టేసి ఉంటే, ముందురోజు సాయంత్రం నా గుమ్మంలో నిలబడి పిల్లలు బాగుండారా అని అడిగేటప్పటికే అన్నీ తెలిసిన మనిషి. కేసు మొత్తం ఆ లైటు మీద నిలబడింది. చెడిపోయిందిలే అని వకీలు రోజూ అనేవాడు. నేను రోజూ వాయిదా వేసేదాన్ని.

ఆయన్ని అడగొచ్చు కదా అంటారు. రోజూ ఎదురుపడేవాళ్ళం కూడా. నేను ముందే పెద్ద మార్కెట్‌కి పోయి దూటలు తీసుకొని తిరిగి వచ్చేటప్పుడు, ఆయన బీచ్‌కి బయలుదేరి వచ్చేవాడు. రైల్వే గేటు దగ్గర ఎదురెదురు. డైనమో గుర్రుమంటుండేది, వెనకాల అల్లుడు. అంతకాలం ఆయన లైటుని వెనక నుంచి చూసినదాన్ని, ముందు నుంచి చూడడం అప్పుడే. దగ్గరయ్యేటప్పటికి ఆయన అరచెయ్యి లైటు మీదికి వచ్చేది. వేళ్ళ సందుల్లో ఎర్రటి వెలుతురు, దాని వెనక మనిషి ముఖం ఉండాల్సిన చోట చీకటి. ఎవరికైనా చేసే మర్యాదే నాకూ చేస్తున్నాడో, ముఖం దాచుకుంటున్నాడో తెలిసేది కాదు. పలకరింపు లేదు. దాటాక చెయ్యి తీసేవాడు.

కొన్నాళ్ళకి చిన్నపిల్ల నాకు ఛార్జింగ్ లైటు కొనిచ్చింది. చిటికెనవేలంత ఉంటుంది, వీధి తగలబెట్టినంత వెలుతురు. ఒక పొద్దున ఆయన ఎదురొస్తుంటే నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. సరాసరి ముఖం మీద వేసి ఆగాను. ఆయన కాలు నేల మీద పెట్టాడు. ఆయన లైటు ఆరిపోయింది.

"కంట్లో కొడ్తాండావమ్మే."

"నీ ముఖం చూసి చాలా కాలమైంది మామా. చూద్దామని."

"చూసినావు కదా."

చూశాను. ముసలాయన. రెప్పలు కొట్టుకుంటున్నాడు. నేను కదలలేదు. ఒక మాట కోసం నిలబడ్డాను. ఏ మాటైనా సరే, అబద్ధమైనా సరే, వకీలుకి పనికొచ్చేది ఏదైనా. ఆయన నా లైటు వైపు చూసి, "ఇది ఛార్జి పెట్టేదా? ఎంతసేపు వస్తుంది?" అని అడిగాడు. నేను చెప్పాను. బాగుండాది అన్నాడు. పెడలు మీద కాలు వేశాడు. గుర్రుమంటూ పోయాడు.

మొన్న వానల్లో పోయాడు. నేను చూడడానికి పోలేదు. అయినా ఆయనే మా గుమ్మం ముందుకు వచ్చాడు. ఈ ఊళ్ళో చావు అంటే డప్పులు, టపాకాయలు, రోడ్డంతా పూలు. బండి మీద కూర్చోబెట్టి తీసుకుపోయారు. ఎంత చప్పుడంటే నా గిన్నెలు కూడా అదిరాయి. ఈసారి చప్పుడు చేసుకుంటూ పోతున్నావే మామా అనుకున్నాను. ఎవరితో అంటాను. అంటే నవ్వేవాడు ఆయనొక్కడే. ఆయనేమో బండి మీద ఉన్నాడు.

అల్లుడు ఇప్పుడు మోపెడ్ కొన్నాడు. పాత సైకిల్ ఇనుముకి పోయింది, దాని లైటు సండే మార్కెట్‌కి వచ్చింది, నాకు దొరికింది.

సోమవారం దాన్ని నా సైకిల్‌కి బిగించుకున్నాను. కొక్కెం అట్లాగే ఉంది, అరిగిపోయి. మంగళవారం తెల్లవారకముందే బయలుదేరి, మార్కెట్ దారి వదిలి, కావాలనే వాళ్ళింటి వైపు తిప్పాను. డైనమో గుర్రుమంది. నల్లరెప్ప కింది నుంచి పసుపు వెలుతురు రోడ్డు మీద పడింది.

అత్త ముగ్గు వేస్తోంది. తల ఎత్తలేదు.

"చూసి పోండి" అంది.

అంతలోనే ముగ్గుపిండి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పిండి ఒకే చోట పడి కుప్పైంది. తల ఎత్తింది. నేను ఆగాను. లైటు ఆరిపోయింది. స్టాండు వేసి, ఎందుకో, కూర్చొని పెడలు చేత్తో తిప్పాను. ఆ వెలుతురులో అత్త ముఖం కనిపించింది.

"నువ్వా" అంది. "ఇనుముకు ఎయ్యొద్దంటే వినలా అల్లుడు."

"సండే మార్కెట్లో దొరికింది అత్తా." తిప్పుతూనే అడిగాను. "ఆ పొద్దు ఇది చెడిపోయిందా?"

ఏ పొద్దు అని ఆమె అడగలేదు. అంటే ఆ ఇంట్లో కూడా ఆ పొద్దుకి వేరే పేరు అక్కర్లేదు. చేతికి అంటిన పిండి కొంగుకు తుడుచుకుంది.

"చెడిపోయేదేంది. నీ ఇంటికాడ వినపడుతుందని కట్టినాడు. నా పాత చీర అంచు చించి నేనే ఇచ్చినా. గ్లాసుల్లో గుడ్డలు కుక్కింది నేనే." పిండి గిన్నె కింద పెట్టింది. "బిడ్డ కోసరం అమ్మే. ఆ పొద్దు చూసి పోండి అనేదానికి నాకు నోరు రాలా."

పెడలు తిప్పడం ఆపాను. చీకటైంది. నా లోపల ఇంతకాలం వాదించిన వకీలు కాగితాలు సర్దుకొని, నావైపు చూడకుండా లేచి పోయాడు.

ఆయన అడిగి ఉంటే ఆ చోటు ఇచ్చేదాన్నా? ఇచ్చేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని. ఆయన కూతురికి పొయ్యి ఉంటే నాకు లేదా అని వీధంతా వినేట్టు అరిచేదాన్ని. బహుశా ఓడిపోయేదాన్ని కూడా. కానీ ఓడిపోవడం వేరు. పోట్లాటకి కూడా పిలవకుండా, నా గుమ్మం ముందు చీర అంచుతో డైనమో కట్టుకొని దాటిపోవడం వేరు. నిల్చున్నా ఉండామని తెలియల్ల అన్న మనిషి, నాకొక్కదానికే తెలియకూడదనుకున్నాడు.

"ముగ్గు చెడింది అత్తా, దిద్దుకో" అని సైకిల్ ఎక్కాను.

మలుపు తిరిగాను. డైనమో గుర్రుమంటోంది. తొక్కుడు జోరెక్కింది కాబోలు, రోడ్డంతా పున్నమి. రైల్వే గేటు అవతల ఎదురుగా ఎవరో సైకిల్ మీద వస్తున్నారు. పాలవాడో, పేపరువాడో, లైటు లేదు. చీకట్లో చీకటిలాగా వస్తున్నాడు. దగ్గరయ్యాడు. నేనేమీ అనుకోకముందే నా ఎడమచెయ్యి లేచి లైటు మీద అడ్డం పడింది. గాజు వెచ్చగా తగిలింది. వేళ్ళ సందుల్లో ఎరుపు. అతను కళ్ళు చిట్లించకుండా, హాయిగా దాటిపోయాడు.

కాఫీ గ్లాసు ఆ పొద్దే తిరిగి ఇచ్చేశాను. ఈ చెయ్యి ఎవరికి తిరిగివ్వాలో తెలియడం లేదు.